గంటసేపు అట్టులా తిరగబడటమే వైద్యం

మూత్రంలో రక్తం పడింది, నొప్పి మాత్రం లేదు. డల్లాస్‌లో మా ఫ్యామిలీ డాక్టరు నాలుగు నెలలపాటు యాంటీబయాటిక్స్ మింగించాడు. ఇరవయ్యేళ్ళు సిగరెట్లు కాల్చానని చెప్పాక కూడా "ఈ వయసులో ఇన్‌ఫెక్షన్లు మామూలే" అన్నాడు చూడండి, ఆ కోపం ఇంకా చల్లారలేదు.

స్కోపులు, బయాప్సీలు సరే. బ్లాడర్ క్యాన్సర్, లోపలి పొరలోనే పాకే సీఐఎస్ రకం. వారానికోసారి ఆరు వారాలు బీసీజీ ఎక్కించారు. చిన్నప్పుడు భుజానికి పొడిచిన టీబీ టీకానే, ఈసారి కింద ట్యూబులోంచి. రెండో విడత కూడా అయ్యాక క్యాన్సర్ మళ్ళీ కనపడింది, గోకి ముక్క తీశారు, ఇక బ్లాడర్ తీసేయడమే మంచిదన్నారు. గుంటూరు నుంచి మా బావగారు ఫోన్లో నవ్వుతూ "ఏముందోయ్, పొట్టకి సంచీ కట్టుకుంటావు, చొక్కా కింద ఎవడికి కనపడుతుంది" అన్నారు.

ఆ రాత్రే రెండింటికి లేచి కూర్చుంటే బొట్టు రాదు. రక్తం గడ్డ అడ్డుపడింది. పొత్తికడుపు రాయి, చెమటలు, నోట్లోంచి మాట కాదు మూలుగు. ఎమర్జెన్సీలో నర్సు ట్యూబు వేసి కడుగుతుంటే నల్లటి గడ్డలు జారాయి. మా ఆవిడ రెండు కాళ్ళకీ వేర్వేరు చెప్పులు వేసుకొచ్చిందని తెల్లారాకే చూశాను.

సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే అక్కడి డాక్టరమ్మ జీన్ థెరపీ ఉందంది. అడ్‌స్టిలాడ్రిన్, 2022 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతించింది. పెరగలేకుండా చేసిన అడినోవైరస్ (జలుబు తెచ్చే రకం వైరస్)లో ఇంటర్‌ఫెరాన్ అనే, క్యాన్సర్‌తో పోరాడే ప్రోటీన్ జన్యువు పెడతారు, అది బ్లాడర్ గోడలోకి దూరి ఆ కణాలచేతే మందు తయారు చేయిస్తుంది. ట్రయల్లో నాలాంటివాళ్ళలో సగంమందికి క్యాన్సర్ కనపడకుండా పోయిందట, కానీ ఆ సగంలో ఏడాది దాకా నిలిచింది మళ్ళీ సగంలోపే. ఆవిడ ఇది దాచకుండా చెప్పినందుకే ఒప్పుకున్నాను.

మూడు నెలలకోసారి 75 మిల్లీలీటర్లు పోసి గంట బిగబట్టమంటారు. పావుగంటకోసారి ఎడమకి, కుడికి, వెల్లకిలా, బోర్లా. చివరి పది నిమిషాలూ గోవిందనామాలే. ఇంటికొచ్చాక రెండ్రోజులు, మూత్రం పోసిన ప్రతిసారీ టాయిలెట్లో బ్లీచ్ పోసి కాసేపాగి ఫ్లష్ చేయాలి. ఆ డబ్బా మీద మా ఆవిడ కుంకుమ బొట్టు పెట్టింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఐదు డోసులయ్యాయి. మొన్నటి స్కోపులో ఏమీ లేదు. నొప్పి లేదు కదా అని ఎర్రగా పడిన మూత్రాన్ని వదిలేయకండి, నేరుగా యూరాలజిస్టు దగ్గరికి పొండి.

బావగారు మళ్ళీ ఫోన్ చేశారు. సంచీ మాట ఎత్తలేదు. "ఆ వైరస్ మాకేం అంటుకోదుగా?" అన్నారు.