బిలిరుబిన్ 2.1 అంటే పసరు మందేనా

మా బాబాయి కొడుకు గాజువాక నుంచి రిపోర్ట్ ఫొటో పెట్టి "అన్నయ్యా, బిలిరుబిన్ 2.1 అంట, కామెర్లని పసరు మందుకి వెళ్లిపోమంటావా" అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. బిలిరుబిన్ అంటే పాత ఎర్ర రక్తకణాలు విరిగితే వచ్చే పసుపు పదార్థం, అది రక్తంలో బాగా పెరిగితేనే కామెర్లు. మామూలుగా టోటల్ 1.2 లోపు ఉండాలి, 2.5, 3 దాకా వెళ్తే కళ్లు పచ్చబడతాయి, కానీ ఆ ఒక్క నంబర్‌తో ఏమీ తేలదు, డైరెక్ట్ (లివర్ మార్చేసినది) ఎంత ఇండైరెక్ట్ (లివర్ ఇంకా మార్చనిది) ఎంత అని చూడాలి. వీడికి ఇండైరెక్టే ఎక్కువ, ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్, డాక్టరు గారు గిల్బర్ట్ సిండ్రోమ్ అన్నారు, అది పుట్టుకతో వచ్చేది, ఉపవాసాలున్నా జ్వరమొచ్చినా కాస్త పెరిగి మళ్లీ అదే దిగుతుంది, మందు అక్కర్లేదు. (పసరు తాగుంటే క్రెడిట్ దానికే పోయేది!)

ఎస్‌జీపీటీ వేలల్లో ఉంటే వేరే కథ, కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ లాంటి వైరస్సో, మందులు పడకో. డైరెక్ట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తం సరిగా పారకపోతే పెరిగే ఎంజైమ్) పెరిగి, మూత్రం ముదురు రంగు, మలం తెల్లగా, ఒళ్లంతా దురద అయితే పిత్తనాళం ఎక్కడో అడ్డుపడి ఉండొచ్చు, స్కానింగ్ తీయించాల్సిందే.

నన్నడిగితే అన్నిటికంటే భయపడాల్సింది ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష) పెరిగినప్పుడు, మనిషి మత్తుగా తికమకగా మాట్లాడినప్పుడు. అప్పుడు ఎవరి సలహా అడక్కండి, విశాఖ కేజీహెచ్‌కో దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికో వెంటనే తీసుకెళ్లిపోండి.