మాస్టారి నుదుటి మీద మచ్చ

నిన్న పొద్దున్నే, చూపు లేనివాళ్లకి దారి చూపే మా రోబోని విజయనగరం గంటస్తంభం దగ్గర నడిపించాం. చూపు లేని మాస్టారు హ్యాండిల్ పట్టుకున్నారు. ఆగి ఉన్న ఆటోని, అరటిపళ్ల బండిని చక్కగా తప్పించింది. మూత లేని కాలువ దగ్గర మాత్రం ఆగలేదు! మాస్టారే కర్ర తాటించి ఆగారు. నా గుండె జారిపోయింది.

మా సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని ముందుకి పంపి, తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో దూరం కొలుస్తుంది. గొయ్యిలో ఎదురుగా తగలడానికి ఏముంటుంది?

"కింద సంగతి నా కర్ర చూసుకుంటుంది బాబూ, పైన తగిలేవి చెప్పమను" అంటూ నుదుటి మీద పాత మచ్చ తడిమి చూపించారు. కొట్టు రేకు అంచు కోసేసిందట. ఇన్నాళ్లూ మేం ఆ ఎత్తు గురించి ఆలోచించనే లేదు.

ఈ రాత్రికే ఒక సెన్సర్ కిందికి వంచి, ఇంకోటి మాస్టారి తల ఎత్తున బిగిస్తున్నాం.