రాజమండ్రి–మారేడుమిల్లి–చింతూరు–భద్రాచలం రూట్ షీటు: మూడోసారి దిద్దినది

రెండు కార్లు, ఎనిమిది మంది, రెండు రోజులు. పాత షీట్లలో జరిగిన పొరపాటు కిలోమీటర్లను నమ్మడం. మొత్తం దూరం సుమారు 215 కి.మీ. కాబట్టి మధ్యాహ్నం భోజనానికి భద్రాచలంలో ఉంటామని రాసుకున్నాం. మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా ఉన్న 60 పైచిలుకు కిలోమీటర్లు ఆ లెక్కకి లొంగవు. ఎక్కడా ఆగకపోయినా రెండు గంటలు దగ్గర పడుతుంది, వాగు కనిపించినచోటల్లా దిగితే నాలుగు. అందుకే ఈసారి దూరాలు తీసేసి గంటలు రాశాం.

ఉదయం 6కి బయలుదేరితే గోకవరం మీదుగా రంపచోడవరం సుమారు గంటన్నర. టిఫిన్ ఇక్కడే, అదీ ఇడ్లీతో సరిపెట్టుకోవడం మేలు. పూరీ తిని ఘాట్ ఎక్కితే వెనక సీట్లో వాళ్లకి మలుపుల్లో కడుపు తిప్పడం ఖాయం. వాంతుల బాధ ఉన్నవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టాలి, ఫోన్ చూడనివ్వకూడదు. డబ్బు తీసుకోవడం, టైర్లలో గాలి చూసుకోవడం కూడా ఇక్కడే ముగించాలి. గాలి ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది. అందులో నిండు లోడుకి వేరే అంకె ఉంటుంది, మనకి కావలసింది అదే. పెట్రోలు మాత్రం రాజమండ్రిలోనే ఫుల్ ట్యాంకు. ఘాట్‌లో ఎక్కువసేపు రెండో గేరులోనే నడుస్తుంది కాబట్టి మామూలు మైలేజీలో మూడో వంతు తగ్గించి లెక్కేసుకోవాలి.

మారేడుమిల్లికి 9 లోపు చేరాలి. డిసెంబరు, జనవరిల్లో అంతకన్నా ముందు వెళ్లి ఘాట్ ఎక్కినా మంచు విడవదు. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది, లో బీమ్ చాలు. చీకటి పడ్డాక ఈ ఘాట్‌లోకి దిగే ఆలోచన వద్దు. వానాకాలంలో రాత్రిపూట రాకపోకలు ఆపేయడం కూడా ఉంది.

ఇక అసలు విషయం బ్రేకులు. చింతూరు వైపు దిగేటప్పుడు కొత్తవాళ్లు మూడో గేరులో వదిలేసి, కాలు బ్రేకు మీదే ఉంచుతారు. డిస్కు వేడెక్కుతుంది, ఆ వేడికి బ్రేకు ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండేళ్లు దాటిన ఆయిల్‌ని మార్చకుండా ఈ దారిలోకి రావద్దు. ఏ గేరులో ఎక్కాల్సిన వాలో ఆ గేరులోనే దిగాలి, అంటే ఎక్కువగా రెండు. ఆటోమేటిక్ అయితే డి నుంచి ఎల్‌కో మాన్యువల్ మోడ్‌కో మార్చాలి. బ్రేకుని గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. కాలిన వాసన వస్తే వెడల్పు చోట ఆపి 20 నిమిషాలు ఆగాలి. డిస్కు మీద నీళ్లు పోయొద్దు, పగిలే ప్రమాదం ఉంది.

హెయిర్‌పిన్ మలుపుల్లో లారీకి రోడ్డు మొత్తం కావాలి. మలుపుకి ముందే హారన్ కొట్టి, ఎదురు శబ్దం విని, పైకి ఎక్కే బండికి దారివ్వాలి. నెమ్మదిగా నడిపేవాళ్ల కారు ముందుండాలి. సిగ్నల్ మధ్యలో పోతుంది కాబట్టి ప్రతి చీలిక దగ్గరా వెనక కారు కనిపించేదాకా ముందు కారు ఆగాలి. సన్‌రూఫ్‌లోంచి నిలబడే సరదా ఇంటి దగ్గరే తీర్చుకోండి.

వాగుల్లో దిగేవాళ్లకి ఒక మాట. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా ప్రవాహం పెరిగి వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. మనం నిలబడ్డచోట ఎండ ఉన్నా పై కొండల్లో వాన పడి ఉండొచ్చు. నీరు మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కాలి. వానాకాలంలో పాములేరు సహా ఏ వాగునైనా ఒడ్డు మీంచే చూడాలి.

బొంగులో చికెన్ మారేడుమిల్లిలోనే. ఆర్డరిచ్చాక ముప్పావు గంట పడుతుంది కాబట్టి ముందు చెప్పి ఊరు చూసి రావచ్చు. నూనె, నీళ్లు లేకుండా మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగులోని పచ్చిదనమే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. ఎండు బొంగయితే అది కాలిపోతుందే గానీ ముక్క ఉడకదు. పచ్చగా ఉన్న బొంగుని చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చింతూరు దగ్గర శబరి. ఒడిశాలో దీన్నే కొలాబ్ అంటారు. ఇక్కణ్నించి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే భద్రాచలం సుమారు 70 కి.మీ. జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ ముక్కే ట్రిప్పుని నిర్ణయిస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు ముందుకి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది, దాంతో సోకిలేరు లాంటి వాగులు రోడ్డెక్కుతాయి. బయలుదేరే ముందు భద్రాచలం నీటిమట్టం చూడాలి. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. మన షీట్లో నియమం ఒక్కటే: 43కి చేరువై ఇంకా పెరుగుతుంటే మారేడుమిల్లి నుంచే వెనక్కి. కాజ్‌వే మీద నీరు పారుతుంటే లోతు కొలవడం కూడా అనవసరం.

2014లో చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గనక రాష్ట్ర సరిహద్దు భద్రాచలం పట్టణం అంచుకొచ్చింది. పసుపు నంబరు ప్లేటు కారు అద్దెకి తీసుకుంటే రెండు రాష్ట్రాల పర్మిట్టూ ఉందో లేదో ముందే చూడాలి.

గుడిసె కొండ ఈ షీట్లో చేర్చలేదు. మారేడుమిల్లి నుంచి సుమారు 40 కి.మీ., చివర నిట్టనిలువు ఎక్కుడు. సూర్యోదయం కావాలంటే తెల్లవారుజామున 3కే లేవాలి, దానికి ఇంకో రాత్రి బస కావాలి. నాలుగో కూర్పులో చూద్దాం.

ఇంటికొచ్చాక రెండు పనులు. బ్రేకు ప్యాడ్ల మందం చూపించాలి. నెల రోజుల్లోపు ఎవరికి జ్వరమొచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి మలేరియా పరీక్ష చేయించాలి.