డిక్లైన్ కర్వ్ ఫిట్ చేయడం: గ్యాస్ బావి లెక్కలో నా అనుభవం

మాది అమలాపురం పక్కన ఊరు. చిన్నప్పుడు మేడ మీద పడుకుంటే కొబ్బరితోటల వెనకాల ఆకాశం ఎర్రగా కనిపించేది, గ్యాస్ మంట అని చెప్పేవారు, అంతకుమించి ఎవరికీ ఏం తెలీదు. మా అమ్మకైతే గ్యాస్ బావి అంటే ఇప్పటికీ 1995 పాశర్లపూడి బ్లోఅవుటే, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడం, జనవరిలో అంటుకుంది 65 రోజులు మండింది, ఆ చప్పుడు గురించి ఇప్పటికీ చెప్తూనే ఉంటుంది. అందుకే నేను పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి రాజమండ్రిలో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరినప్పుడు అమ్మ అడిగింది ఒకటే, బావుల దగ్గరికి వెళ్లాలా అని. లేదమ్మా కంప్యూటర్ దగ్గర కూర్చుని చేసే పనే అన్నాను. అప్పటికి నేను కూడా అదే నమ్మాను.

2024 మార్చి ఆఖర్లో సార్ నాకు ఒక ఎక్సెల్ ఫైల్ పంపారు. కోనసీమలో పదకొండు గ్యాస్ బావులు, ఒక్కోదానికి రోజువారీ ప్రొడక్షన్, ట్యూబింగ్ హెడ్ ప్రెషర్, అంటే గ్యాస్ పైకొచ్చే గొట్టం తల దగ్గర ఉండే ప్రెషర్. ఒక్కో బావి ఇంకెన్నాళ్లు వస్తుంది, ఇంకెంత గ్యాస్ ఇస్తుంది, డిక్లైన్ కర్వ్ వేసి రెండు వారాల్లో చెప్పమన్నారు. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, గ్యాస్ బావి మన పెరట్లో నీళ్ల బావిలాంటిది కాదు. నీళ్ల బావి సాయంత్రం తోడేస్తే తెల్లారేసరికి మళ్లీ ఊరుతుంది. ఇక్కడ లోపల ఉన్నదేదో ఉన్నదే, తీసేకొద్దీ ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గేకొద్దీ రోజుకి వచ్చే గ్యాస్ తగ్గుతుంది. ఆ తగ్గడం ఏ లెక్కన జరుగుతోందో చూసి ముందుకి గీత పొడిగించడమే డిక్లైన్ కర్వ్. ఆ గీతని డేటా చుక్కలకి సరిపోయేలా కుదర్చడాన్ని ఫిట్ చేయడం అంటారు. కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ డి6 గ్యాస్ క్షేత్రం సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది, 2009 ఏప్రిల్‌లో మొదలై 2010లో రోజుకి సుమారు 6 కోట్ల క్యూబిక్ మీటర్ల దాకా వెళ్లి, ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండానే సగానికంటే కిందకి పడిపోయింది. తగ్గుదలని ముందే సరిగ్గా అంచనా వేయడం ఎంత ముఖ్యమో నాకు కాలేజీలో అర్థమైంది ఆ ఒక్క ఉదాహరణతోనే.

లెక్క పాతదే. 1945లో ఆర్ప్స్ అనే ఆయన పేపర్ రాశాడు, ఇప్పటికీ ప్రతి సాఫ్ట్‌వేర్ లోపల తిరిగేది ఆయన ఫార్ములానే. మూడు అంకెలు కావాలి. మొదటి రోజు రేటు ఎంత, మొదట్లో ఎంత జోరుగా తగ్గుతోంది, మూడోది బి అనే అంకె. బి సున్నా అయితే ప్రతి నెలా ఒకే శాతం తగ్గుతూ పోతుంది, దాన్నే ఎక్స్‌పొనెన్షియల్ అంటారు. బి ఒకటి అయితే హార్మోనిక్, మధ్యలో అయితే హైపర్‌బోలిక్, అంటే తగ్గే జోరు కూడా రాన్రానూ మెత్తబడుతుందన్నమాట. ఈ బి ఒక్కటీ అటూ ఇటూ అయితే మొత్తం అంచనా తారుమారైపోతుంది, అది నాకు పుస్తకంలో చదివినప్పుడు అంతగా ఎక్కలేదు.

మా ఆఫీసులో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒకటే ఉండేది, అది సార్ మెషిన్‌లో. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నాను, అందులో లెక్కల కోసం వాడే సైపై లైబ్రరీలో కర్వ్ ఫిట్ అని ఒక ఫంక్షన్ ఉంటుంది కదా అది. మొదటి రోజంతా ఎర్రర్లే. ఎన్నిసార్లు ప్రయత్నించినా జవాబు దొరకలేదు అని ఒకటే మెసేజ్. సాయంత్రానికి తెలిసింది ఏంటంటే, మనం మొదటి అంచనాలు ఇవ్వకపోతే అది మూడు అంకెల్నీ 1 అనుకుని వెతకడం మొదలెడుతుంది. నా బావి రేటు లక్షల్లో, తగ్గుదలేమో నెలకి 0.03, ఒకటి దగ్గర నిలబడి వెతికితే రెండూ దాని చేతికి ఎక్కడ అందుతాయి? మొదటి నెల రేటు, చూసి వేసిన తగ్గుదల, బి కి 0.5 ఇచ్చి, బి సున్నాకీ రెండుకీ మధ్యలోనే ఉండాలని హద్దులు పెట్టాక క్షణంలో గీత వచ్చేసింది. ఎక్సెల్ సాల్వర్ వాడేవాళ్లకి కూడా ఇదే చెప్తాను, మొదటి అంచనాలు చేత్తో ఇవ్వండి, హద్దులు పెట్టండి. ఇంకోటి, రేట్లని ఉన్నదున్నట్టు ఇస్తే పెద్ద అంకెలున్న మొదటి నెలలే ఫిట్ మొత్తాన్ని తమ వైపు లాగేసుకుంటాయి, లాగరిథమ్ తీసి ఫిట్ చేస్తే చివరి నెలల మాట కూడా చెల్లుతుంది, మనకి కావల్సింది చివరి నెలలే.

పదకొండు బావుల్లో ఎనిమిది పెద్ద ఇబ్బంది పెట్టలేదు. మూడో నంబర్ బావి దగ్గర ఆగిపోయాను.

అది 2021 ఫిబ్రవరిలో రోజుకి 1,50,000 క్యూబిక్ మీటర్లతో మొదలైంది. 2024 మార్చికి 21,000. గీత చూస్తే ఎంత అందంగా కూర్చుందో, చుక్కల మీద నుంచి సాఫీగా వెళ్లింది, గీత చుక్కలకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఆర్ స్క్వేర్ కూడా బ్రహ్మాండంగా ఉంది. బి మాత్రం 1.7 వచ్చింది. ముందుకి పొడిగిస్తే ఇరవై ఏళ్ల తర్వాత కూడా రోజుకి 6 వేల పైనే వస్తుందని చూపించింది. బి ఒకటి గానీ అంతకు మించి గానీ ఉండి, గీతని ఎక్కడా ఆపకుండా వదిలేస్తే మొత్తం గ్యాస్‌కి అంతే ఉండదు, లెక్క ప్రకారం ఆ బావి అక్షయపాత్ర అయిపోతుంది. మామూలు ఇసుకరాతి బావికి అలాంటి బి రాకూడదు, రాళ్లు పగలగొట్టి తీసే షేల్ బావుల్లో మొదటి రోజుల్లో వస్తుంది, అది వేరే కథ. నేను సార్‌కి చూపిస్తే ఆయన స్క్రీన్ వంక కాదు నా వంక చూసి, "బీన్ ఎప్పుడు మార్చారో కనుక్కున్నావా?" అన్నారు.

బీన్ అంటే బావి తల మీద ఉండే చోక్, గ్యాస్ ఎంత సందులోంచి రావాలో అది నిర్ణయిస్తుంది, 6 ఎంఎం, 8 ఎంఎం అని సైజులుంటాయి. నా ఎక్సెల్ ఫైల్‌లో ఆ కాలమే లేదు. ఆర్ప్స్ లెక్కకి అసలు ఆధారమే బావిని నడిపే పద్ధతి మారకుండా ఉండటం, లోపల ప్రెషర్ ప్రభావం రిజర్వాయర్, అంటే గ్యాస్ నిండి ఉన్న రాతిపొర, అంచుల దాకా పాకి ఉండటం. నేను ఆ రెండూ చూడకుండానే బటన్ నొక్కేశాను.

మర్నాడు రాజోలు బస్సెక్కాను. అక్కడ్నుంచి ఆటో, ఆటో దిగాక కాలవ గట్టు మీద ఓ కిలోమీటరు నడక. సెక్యూరిటీ దగ్గర పేరు రాయించుకుని, హెల్మెట్ పెట్టుకుని లోపలికి వెళ్తే షెడ్డులో ఒక పెద్దాయన, ఆపరేటర్, ముప్పై ఏళ్ల సర్వీసు. బాబాయ్ గారూ అని పిలిచి సంగతి చెప్పాను. ఆయన మాట్లాడకుండా బీరువా తీసి మూడు రిజిస్టర్లు బయటపెట్టారు. గళ్ల అట్టలు, చెమటకి మెత్తబడ్డ అంచులు, రెండు గంటలకోసారి ప్రెషర్ రీడింగు, పక్కన రిమార్కుల గడి. 2022 మార్చి మొదటి వారం పేజీలో నీలం ఇంకుతో "బీన్ 6 తీసి 8 వేయడమైనది" అని ఉంది.

"ఆయ్, అప్పుడు 36 వేలకి పడిపోయిందండి, పైనుంచి చెప్పేరు, ఎనిమిదేసేం, 48 వేలకి లేచింది. ఇది మీ కంప్యూటర్లో లేదామ్మా?" అన్నారు.

లేదు. నా కంప్యూటర్‌కి కనిపించింది ఏంటంటే, మొదటి ఏడాది నిట్టనిలువుగా పడి, ఆ తర్వాత ఎందుకో నెమ్మదించిన బావి. బీన్ పెంచినందువల్ల లేచిన రేటుని అది బావి సహజగుణం అనుకుంది, దాన్ని కూడా ఒకే గీతలో ఇమడ్చాలంటే బి ని 1.7 దాకా లాగాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ చేసిన తప్పేం లేదు, నేను రెండు వేర్వేరు బావుల్లాంటి డేటాని ఒకటిగా కుట్టి ఇచ్చాను.

ఇంకో పేజీ తిప్పారు. 2022 జులై. ఆ వరద గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోరు, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక కూడా దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది, లంకల్లో ఇళ్లు మునిగాయి, మా అత్తయ్య వాళ్లు పునరావాస కేంద్రంలో ఉన్నారు. రోడ్లు మునిగి మనుషులు వెళ్లే వీల్లేక ఈ బావి పదకొండు రోజులు మూసేశారు. నా ఫైల్‌లో ఆ పదకొండు రోజులకీ సున్నాలు ఉన్నాయి. మూసిన బావికి సున్నా రాయడం అకౌంట్స్‌కి కరెక్టే, కర్వ్‌కి మాత్రం విషం. పైగా తెరిచాక నాలుగైదు రోజులు 55 వేలు వచ్చింది, మూసి ఉన్నన్నాళ్లూ బావి చుట్టూ ప్రెషర్ పుంజుకుంటుంది కాబట్టి తెరవగానే పొంగుతుంది, అది కూడా నిజమైన రేటు కాదు. ఆ రెండు రకాల రోజుల్నీ తీసేసి, క్యాలెండర్ రోజులు కాకుండా బావి నడిచిన రోజులే లెక్కపెట్టుకోవాలని అక్కడ కూర్చునే రాసుకున్నాను. సాయంత్రం దాకా మూడు రిజిస్టర్లూ ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను, ఆయన మధ్యలో టీ తెప్పించారు.

రాజమండ్రి వచ్చి 2022 మార్చి ముందున్నదంతా పక్కన పెట్టేశాను. 8 ఎంఎం బీన్ మీద 24 నెలలు, 48,000 నుంచి 21,000. రేటుని మొత్తం తీసిన గ్యాస్‌కి ఎదురుగా పెట్టి గీశాను, ఎక్స్‌పొనెన్షియల్ అయితే అది తిన్నగా గీతలా పడాలి, దాదాపు అలాగే పడింది, ఆఖర్లో కొంచెం వంగింది. ఈ గ్రాఫ్‌ని అందరూ ముందు వేసుకోవాలి అంటాను, బీన్ మార్చిన చోట మెట్టులా విరిగి కనిపిస్తుంది, దాచడం కుదరదు.

ఇప్పుడు అసలు విషయం. అవే 24 నెలలకి నేను మూడు గీతలు వేశాను. బి సున్నా పెడితే, 3,000 కి పడేదాకా, అంటే ఇంక నడిపినా గిట్టుబాటు కాదు అనే రేటు దాకా, 56 నెలలు, రావాల్సిన గ్యాస్ 1 కోటి 59 లక్షల క్యూబిక్ మీటర్లు. బి 0.4 పెడితే 100 నెలలు, 2 కోట్ల 50 లక్షలు. ఈ రెండు గీతలూ అదే 48,000 దగ్గర మొదలై అదే 21,000 దగ్గర ముగుస్తాయి, మధ్యలో చుక్కల మీద రెంటికీ తేడా కంటికి ఆనదు. సగానికి సగం పైన ఎక్కువ గ్యాస్, దాదాపు రెట్టింపు ఆయుష్షు, అంతా ఆ ఒక్క అంకె మీద. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఈ అంకె చూసే ఎవరో ఒకరు పైప్‌లైన్ మార్చాలా, కంప్రెసర్ పెట్టాలా, బావి మూసేయాలా నిర్ణయిస్తారు.

చివరి 8 నెలల డేటా దాచేసి, మొదటి 16 నెలలతో ఫిట్ చేసి, దాచినదాన్ని ఏ గీత సరిగ్గా చెప్తుందో చూశాను. బి సున్నా గీత కొంచెం కిందకి పోయింది, 0.4 కొంచెం పైకి పోయింది. సాఫ్ట్‌వేర్ని స్వేచ్ఛగా వదిలితే 0.2 దగ్గర ఆగింది, దాని ప్రకారం 75 నెలలు, 1 కోటి 98 లక్షలు. రిపోర్టులో మూడూ ఇచ్చాను, నా మొగ్గు 0.2 వైపు అని రాశాను, ఎందుకో కూడా రాశాను.

రిపోర్టులో కూడా ఒక తప్పు చేయబోయాను. నెలకి 0.0344 తగ్గుదల కదా, పన్నెండుతో హెచ్చించి ఏడాదికి 41 శాతం అని రాసేశాను. సార్ దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్ అడిగేది ఏడాది చివర్లో నిజంగా ఎంత తగ్గి ఉంటుంది అని, అది 34 శాతం. మొదటిదాన్ని నామినల్ అంటారు, రెండోదాన్ని ఎఫెక్టివ్. ఏ సాఫ్ట్‌వేర్ ఏది అడుగుతోందో హెల్ప్ పేజీ తీసి చూసుకోండి, నేను ఆ ఒక్క గడి వల్ల బావి ఆయుష్షులో ఏడాదికి పైగా పోగొట్టేవాణ్ణి కాబోలు అని సార్‌తో అంటే, "ఇంకా ఇవ్వలేదు కదా, మార్చు" అని నేను మార్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు.

2024 జులైలో ఆ మూడో బావికి మూడు గీతలూ దాదాపు ఒకే మాట చెప్పాయి, 18,300 నుంచి 18,700 మధ్యలో ఉండాలని. నాలుగు నెలల్లో వాటి మధ్య తేడా తేలదు, తేలడానికి ఏళ్లు పడుతుంది. వచ్చింది మాత్రం 15,000. నేను ఫైల్ తెరిచి తల పట్టుకునేలోపే బాబాయ్ గారి ఫోన్. "బావి దగ్గుతోందమ్మా, నీళ్లు పట్టేసేయి." గ్యాస్ జోరు తగ్గాక దాంతో పాటు వచ్చే నీళ్లని పైకి ఎగరగొట్టే శక్తి ఉండదు, అవి ట్యూబింగ్‌లోనే నిలబడి కింద గ్యాస్‌ని నొక్కేస్తాయి. ఇది ఏ బి కీ దొరకదు. సబ్బు కడ్డీలు వేశారు, నీళ్లు నురగ కట్టి తేలికపడి బయటికొచ్చాయి, వారానికి 17,900 కి లేచింది. ఆ పదిరోజుల చుక్కల్ని తీసేయలేదు, వేరే రంగు వేసి పక్కన కారణం రాశాను, ఎందుకంటే ఇకముందు ఇది మళ్లీ మళ్లీ వస్తుంది, అప్పుడు 3,000 దాకా ఈ బావి నడుస్తుందనే అంచనానే సరిచూసుకోవాలి.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న ఆయన వాట్సాప్‌లో రిజిస్టర్ పేజీ ఫొటో పంపుతారు. మొన్నటిదాంట్లో బీన్ 8, నీళ్లు కొంచెం ఎక్కువ, బుధవారం సబ్బు రెండు కడ్డీలు అని ఉంది. బీన్ గడి మాత్రం ఎర్ర ఇంకుతో రాస్తున్నారు, నేను అడగలేదు, ఆయనే మొదలెట్టారు.