చెకుముకి పిస్తోలు చేతికొస్తే ఎక్కడెక్కడ చూడాలి

పాత సామాను కొట్లలో, హస్తకళల ఎగ్జిబిషన్లలో ఒక పిస్తోలు తరచూ కనిపిస్తుంది. నల్లటి కొయ్య, పసుపుపచ్చటి ఇత్తడి తొడుగులు, లాక్ ప్లేటు (కాల్చే యంత్రం బిగించిన రేకు) మీద ఒక కిరీటం, దాని కింద ‘జి ఆర్’ (జార్జి రాజు) అక్షరాలు, తోక దగ్గర ‘టవర్’ (లండన్ టవర్ ఆయుధాగారం) అన్న మాట. ‘బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది సార్, మూడొందల ఏళ్ళది’ అని చెప్పి వేలల్లో అడుగుతారు. వీటిలో చాలా భాగం అలంకారానికి ఈ మధ్య చేసినవే. అసలు 18వ శతాబ్దపు చెకుముకి పిస్తోలు ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్ళకి ఆ తేడా అర నిమిషంలో తెలిసిపోతుంది. చూడాల్సిన చోట్లు తెలియాలి, అంతే.

వెల సంగతి తర్వాత. పాత పిస్తోలు చేతికి రాగానే ముందు చేయాల్సిన పని, అందులో తుపాకిమందు ఉందో లేదో తేల్చుకోవడం. ఇంట్లో గోడకి తరతరాలుగా వేలాడిన పిస్తోలులో ఎవరో ఎప్పుడో కూరిన తుపాకిమందు, గుండు అలాగే ఉండిపోవడం అరుదేమీ కాదు. తేమ తగలకపోతే ఆ మందు నూరేళ్ళయినా చావదు. పిస్తోలు మూతిని మీ వైపు గానీ మరో మనిషి వైపు గానీ తిప్పకుండా పట్టుకుని, ఒక సన్నటి వెదురు పుల్లనో చెక్క కడ్డీనో గొట్టంలోకి చివరిదాకా దించండి. మూతి అంచు దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టి బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస, గొట్టం వెనక చివర పక్కన ఉండే నిప్పు చిల్లు దాకా రావాలి. ఓ అంగుళం ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే. అది చీమలు పెట్టిన మట్టి కావచ్చు, గుండూ కావచ్చు. అక్కడితో ఆపేసి లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారుకి చూపించాలి. ఇనప చువ్వతో పొడిచి తీసే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకూడదు.

ఇక లాక్. చెకుముకి పిస్తోలులో నిప్పు పుట్టే యంత్రమంతా ఈ ప్లేటు మీదే ఉంటుంది. రాయిని పట్టుకునే దవడలున్న కాక్, రాయి గీసుకున్నప్పుడు రవ్వలు రాల్చే ఉక్కు రేకు ఫ్రిజెన్, ఆ రవ్వలు పడే రంజకం (ముందుగా అంటుకునే మందు) పళ్ళెం, ఆ పళ్ళెం నుంచి గొట్టంలోకి వెళ్ళే నిప్పు చిల్లు. బజారు నకిలీల్లో ఈ నిప్పు చిల్లు అసలు ఉండనే ఉండదు, లేదా అర మిల్లీమీటరు గుంటలా ఉండి లోపలికి వెళ్ళదు. ‘టవర్’ అక్షరాల్లో ఒకటి తిరగబడి ఉంటుంది. కిరీటం పిల్లలు గీసిన బొమ్మలా ఉంటుంది. స్క్రూ తలల మీది గాడి వెడల్పుగా, నేటి స్క్రూడ్రైవరుకి సరిపోయేలా ఉంటుంది. పాత స్క్రూల గాడి బ్లేడంత సన్నగా ఉంటుంది.

తేదీ కూడా పట్టిస్తుంది. బ్రిటిష్ ఆర్డ్‌నెన్స్ (సైన్యానికి ఆయుధాలు సమకూర్చే శాఖ) వారు 1764 నుంచి లాకుల మీద తయారీదారు పేరు, సంవత్సరం చెక్కించడం మానేసి ‘టవర్’ అని మాత్రమే వేయించారు. అందుకని ‘టవర్ 1780’ అని కనిపిస్తే అనుమానించాలి. ఈస్టిండియా కంపెనీ పిస్తోళ్ళ లెక్క వేరు. కంపెనీ తన సొంత గుర్తు వేయించుకునేది: నాలుగు గదులుగా విడదీసిన హృదయాకారం, ఒక్కో గదిలో ‘వి ఇ ఐ సి’ అక్షరాలు (యునైటెడ్ ఈస్టిండియా కంపెనీ; ‘యు’ని ‘వి’గా రాసేవారు). సుమారు 1808 నుంచి ఆ హృదయం పోయి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడిన సింహం వచ్చింది. మద్రాసు సైన్యం ద్వారా దక్షిణాదికి వచ్చిన గుర్రపు దళపు పిస్తోళ్ళ మీద వెతకాల్సినవి ఈ రెండు గుర్తులే. హృదయం గుర్తున్న లాకు మీద 1830 అని కనిపిస్తే ఆ రెంటికీ పొసగదు.

గొట్టం మీది ముద్రలు ఇంకా నమ్మకమైన సాక్ష్యం, ఎందుకంటే అవి గొట్టాన్ని ఎక్కువ మందుతో కాల్చి చూసే ‘ప్రూఫ్’ పరీక్ష పాసయ్యాక కొట్టినవి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ వచ్చింది. వాళ్ళవి రెండు ముద్రలు, కిరీటం కింద ‘వి’, కిరీటం కింద ‘జి పి’. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ పార్లమెంటు చట్టంతో ఏర్పడింది 1813లో. దాని ముద్రలో కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటి మధ్య ‘బి పి సి’ అక్షరాలు ఉంటాయి. ‘1790 నాటి పిస్తోలు’ అని చెప్పి అమ్మేదాని గొట్టం మీద ‘బి పి సి’ ఉంటే, తేదీ అయినా తప్పు, లేదా గొట్టం అయినా తర్వాత మార్చింది. వెండి తొడుగులున్న పిస్తోళ్ళకి మరో సదుపాయం ఉంది. వెండి హాల్‌మార్కులో ఏడాదిని తెలిపే అక్షరం ఉంటుంది. అదీకాక, 1784 చివర్నుంచి పన్ను కట్టినట్టు రాజుగారి తల ముద్ర కూడా వేసేవారు. ఆ తల ఉందంటే తొడుగు 1784 కంటే ముందుది కానే కాదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం జేబులో లేకుండా ఈ ముద్రలు చదవడం కష్టం.

బోరు లెక్క కూడా చూసుకోవాలి. 16 బోరు అంటే ఒక పౌండు సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుండ్లు 16 పోయొచ్చని అర్థం. అంటే లోపలి వ్యాసం 0.66 అంగుళం. 24 బోరు అంటే 0.58. వెర్నియర్‌తో మూతి దగ్గర కొలిస్తే తెలిసిపోతుంది. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్న సంగతి కొత్తవాళ్ళని తికమక పెడుతుంది.

ఇప్పుడు ధరని అన్నిటికంటే ఎక్కువగా తారుమారు చేసే విషయానికి వద్దాం. స్కాట్లండ్ పాదిరీ అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1820ల్లో అలాంటి రసాయనం నింపిన చిన్న రాగి టోపీలు వాడుకలోకి వచ్చాయి. దాంతో జనం తమ చెకుముకి పిస్తోళ్ళని పారేయకుండా టోపీ పద్ధతికి మార్పించుకున్నారు. ఫ్రిజెన్, దాని స్ప్రింగు ఊడదీసి, రంజకం పళ్ళెం కోసేసి, నిప్పు చిల్లులోకి ఒక డ్రమ్మూ (చిన్న లోహపు గొట్టం), టోపీ తొడిగే నిపిలూ బిగించి, కాక్ బదులు సుత్తి పెట్టేవారు. ఆ కాలంలోనే చేసిన ఈ మార్పు చరిత్రలో భాగం. ధర తగ్గుతుంది గానీ వస్తువు నిజాయితీగానే ఉంటుంది. అసలు తంటా తర్వాత వచ్చింది. చెకుముకి పిస్తోలుకే గిరాకీ ఎక్కువని 20వ శతాబ్దంలో చాలామంది ఆ టోపీ పిస్తోళ్ళని మళ్ళీ చెకుముకిగా మార్చేశారు. అలా తిరగమార్చినదాన్ని అసలు చెకుముకి ధరకి కొనడమే సేకరణలో జరిగే అతి ఖరీదైన పొరపాటు.

దాన్ని పట్టుకోవడానికి లాకు విప్పి చూడాలి. ఇది కొనకముందే అడిగి చేయించుకోవాల్సిన పని. ఎడమ పక్క ఉన్న ఒకటో రెండో స్క్రూలు తీస్తే లాకు మొత్తం బయటికొస్తుంది; ముందు కాక్‌ని సగం మెట్టు మీద (సగం వెనక్కి లాగితే ఆగే చోట) పెట్టాలి, లేకపోతే కొయ్య అంచు చిట్లుతుంది. ప్లేటు వెనక వైపు వెలుతురులో ఏటవాలుగా పెట్టి చూడండి. పూడ్చిన స్క్రూ రంధ్రాలు ముందు వైపు పాలిష్‌లో కలిసిపోయినా, వెనక సన్నటి ఉంగరాల్లా కనిపిస్తాయి. రంజకం పళ్ళెం ప్లేటుకి కలిసే చోట అతుకు గీత ఉందేమో, ఆ రెంటి ఉక్కు రంగులో తేడా ఉందేమో చూడాలి. తర్వాత గొట్టం. నిజంగా చెకుముకితో కాల్చిన పిస్తోలులో నిప్పు చిల్లు చుట్టూ మంట కొట్టి కొట్టి ఇనుము గుల్లబారి ఉంటుంది, పళ్ళెం ఎత్తున గొట్టం మీద ఒక మచ్చ నిలిచిపోతుంది. తిరగమార్చినదానిలో డ్రమ్ము బిగించిన పెద్ద చిల్లుని పూడ్చి మళ్ళీ చిన్న చిల్లు వేయాల్సి వస్తుంది, కాబట్టి చిల్లు చుట్టూ ఒక వలయం కనిపిస్తుంది. పళ్ళెం, ఫ్రిజెన్, కాక్ మూడూ నునుపుగా ఉండి, మిగతా లాకు మాత్రం గుంటలు పడి ఉంటే ఇంకేం చెప్పనక్కర్లేదు. తుప్పు కొన్ని భాగాల్ని మాత్రమే ఏరుకుని తినదు కదా.

లాకు విప్పినప్పుడే లోపలి ముక్కల మీది గుర్తులు కూడా చూడాలి. తయారీదారు ఒక్కో ముక్కని, స్క్రూని చేత్తో అమర్చి, కలిసిపోకుండా ఆకురాయితో చిన్న గీతలో అంకెలో వేసేవాడు. అవన్నీ ఒకటైతే మంచిది. ఒక్క స్క్రూ మీద వేరే గీతలుంటే పెద్ద సమస్య కాదు. కాక్ మీద వేరేవి ఉంటే సమస్యే. కాక్ మెడ సన్నగా ఉండి విరగడం మామూలు కాబట్టి, మార్చిన కాక్‌లు చాలా ఎక్కువ.

పేరు చూసి పొంగిపోకూడదు. లండన్‌లో పేరుమోసిన తుపాకుల తయారీదారు జోసెఫ్ మాంటన్ బతికుండగానే అతని పేరుని పోలిన పేర్లతో ఇతరులు తుపాకులు చేసి అమ్మారు. నిజమైన మాంటన్ పిస్తోలుకి క్రమసంఖ్య ఉంటుంది, గొట్టం మీది చిరునామా ఆ కాలానికి సరిపోతుంది. ఆయన చాలా ఏళ్ళు డేవిస్ స్ట్రీట్‌లో, తర్వాత హానోవర్ స్క్వేర్‌లో ఉన్నాడు. పేరు చెక్కిన గీతల్ని భూతద్దంలో చూస్తే మరో సంగతి తేలుతుంది. తుప్పు గుంట అక్షరాన్ని తినేసి ఉంటే అక్షరం ముందు, తుప్పు తర్వాత. గుంట అడుగున కూడా అక్షరం గీత పదునుగా మెరుస్తుంటే, తుప్పు పట్టాక ఎవరో పేరు చెక్కారన్నమాట.

కొయ్యని వేలితో తడిమి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు వాల్‌నట్ కొయ్య, లాకు ప్లేటు ఒకే మట్టంలో ఉంటాయి, లేదా కొయ్య వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ప్లేటు అంచు కొయ్య కంటే పైకి తేలి గోటికి తగులుతోందంటే ఎవరో సాండ్‌పేపర్ పట్టారు. రెండు వందల ఏళ్ళ చేతిచమట, నూనె కలిసి తెచ్చిన ఆ ముదురు నిగారింపు ఒకసారి పోతే మళ్ళీ రాదు, దాంతో పాటు ధరలో పెద్ద భాగం పోతుంది. నా దృష్టిలో విరిగి అతికించిన కొయ్య కంటే సాండ్‌పేపర్ పట్టిన కొయ్యే పెద్ద నష్టం. విరగడం ప్రమాదం, ఇది చేజేతులా చేసింది.

మన ఇళ్ళలో జరిగే తప్పు ఇంకొకటుంది. ఇత్తడి తొడుగుల్ని పూజసామాన్లలాగా చింతపండు పెట్టి తోముతారు. ఆ పులుపు ఇత్తడిలోని జింకుని లాగేసి లోహాన్ని ఎర్రగా మారుస్తుంది, అంచుల వెంట కొయ్యలోకి దిగి పక్కనున్న ఉక్కు స్క్రూలకి తుప్పు పట్టిస్తుంది. ముదురు గోధుమరంగులో గట్టిగా అంటుకున్న తుప్పు నిలకడైనది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నారింజ రంగులో పొడిగా రాలేదే బతికున్న తుప్పు. దాని మీద పలచటి మిషన్ నూనె రెండు రోజులు నాననిచ్చి, వెదురు ముక్కతో మెల్లగా గీకి, గుడ్డతో తుడవాలి. తర్వాత మైక్రోక్రిస్టలైన్ మైనం సన్నగా పట్టించాలి. నూనె కొయ్యకి తగలనివ్వకండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో అయితే గాలి చొరబడని పెట్టె, సిలికా జెల్ పొట్లాలు, పక్కన ఒక తేమ మీటరు తప్పనిసరి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే ఉక్కుకీ కొయ్యకీ రెంటికీ క్షేమం. తోలు సంచిలో మాత్రం దాచొద్దు. తోలులోని ఆమ్లాలు ఉక్కుని తింటాయి, ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి.

జత పిస్తోళ్ళు పెట్టెతో సహా దొరికితే విలువ విడివిడి రెండింటి మొత్తం కంటే బాగా ఎక్కువ. అందుకే జతలు ‘కుదిర్చే’వాళ్ళూ ఉన్నారు. పెట్టె లోపలి పచ్చ బనాతు మీద పిస్తోలు ఆకారం ఏళ్ళ తరబడి ఒత్తుకుని అచ్చు పడి ఉండాలి. గుండ్ల అచ్చులో పోసిన గుండు ఆ గొట్టానికే సరిపోవాలి. పెట్టెలోని గదులు వస్తువులకి వదులుగా ఉంటే పెట్టె మరొకదానిది.

ఇక ఎవరిదన్న సంగతి. ఫ్రెంచి సేనాని లఫాయెత్ నుంచి జార్జి వాషింగ్టన్ అందుకున్న గుర్రపు జీను పిస్తోళ్ళ జత 2002లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 19,86,000 డాలర్లు పలికింది. పనితనం గొప్పదే, కానీ అంత ధర తెచ్చింది తెగని యాజమాన్య గొలుసు. మనకి దగ్గరి ఉదాహరణ టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కార్ఖానాల్లో చేయించిన ఆయుధాలు. వాటి మీద ‘బబ్రీ’ అనే పులిచార ఉంటుంది, టిప్పు సొంతంగా పెట్టిన మౌలూదీ శకంలో సంవత్సరం ఉంటుంది. 1799 మే 4న కోట పడ్డాక ఇంగ్లండ్ చేరిన వస్తువుల్లో 30 వస్తువులు 2015 ఏప్రిల్‌లో లండన్ బోన్హామ్స్‌లో 60 లక్షల పౌండ్లకి పైగా తెచ్చాయి. ‘మా తాతగారు చెప్పారు’ అన్న మాటకి ధర రాదు. పాత లైసెన్సు కాగితం, సంస్థానం జాబితాలో నమోదు, తేదీ ఉన్న ఫొటో, వీటికి వస్తుంది. వేలం రికార్డులు చూసేటప్పుడు కూడా ఆ అంకెలో కొనుగోలుదారు కమిషన్ కలిసిందో లేదో గమనించాలి. అమ్మినవారి చేతికి వచ్చేది దానికంటే చాలా తక్కువ.

మన దేశంలో చట్టం విషయం స్పష్టంగా తెలుసుకుని దిగాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్, పాతకాలపు నమూనా, పురావస్తు విలువ ఉన్నవి లేదా పాడైపోయిన ఆయుధాల్ని మినహాయిస్తుంది గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉంటేనే. పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదనుకోవడం తప్పు. లాకు పనిచేసే, గొట్టం తెరిచున్న పిస్తోలుని కొనేముందే జిల్లా లైసెన్సింగ్ అధికారి దగ్గర లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. నూరేళ్ళు దాటినది 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, విదేశాలకి పంపడం కుదరదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి సమాఖ్య చట్టంలో 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది పురాతనం, రాష్ట్రాల నియమాలు వేరుగా ఉంటాయి. అక్కడ కొన్నది ఇంటికి తెద్దామనుకుంటే ఇక్కడి దిగుమతి, లైసెన్సు సంగతులు ముందే కనుక్కోవాలి.

కొనకుండానే కన్ను అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ఉంది. అద్దానికి దగ్గరగా నిలబడి, మెరుపుల్ని వదిలేసి కొయ్యా ఉక్కూ కలిసే అంచుల్ని, స్క్రూ గాడుల్ని, కాక్ మెడల్ని చూడండి. ఒక గంట అలా చూసి వెంటనే బజారుకి వెళ్తే ఆ ‘టవర్’ పిస్తోలు దూరం నుంచే తెలిసిపోతుంది.