మాస్టారి పొట్లాలు

మన బడి పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వారు కబురు చేసినప్పుడు, రెండు పేజీలు మించకూడదనీ, విషయం మాత్రం నా ఇష్టమనీ చెప్పారు. నా ఇష్టమన్నాక ఇక ఆలోచించవలసిన పని లేకపోయింది. మన బడి అనగానే నాకు మొదట గుర్తుకొచ్చేది కెమిస్ట్రీ మాస్టారు, ఆ వెంటనే పదో తరగతి స్కౌట్ క్యాంపులో ఆఖరి రాత్రి వేసిన నెగడు. ఆరు నుంచి తొమ్మిది దాకా తరగతులు, పరీక్షలు, వార్షికోత్సవాలు ఎవరైనా కదిలిస్తే తప్ప గుర్తుకు రావు. వాటి గురించి మనం బున్సెన్ అని పిలిచే మిత్రుడు రాస్తానన్నాడు కనుక నేను నెగడు దగ్గరే ఉంటాను.

మూడో గుడారం వాళ్ళ నాటకంలో వనదేవత ప్రత్యక్షమైనప్పుడు మంట ఆకుపచ్చగా మారాలనీ, రాక్షసుడు అడుగుపెట్టగానే ఎర్రబడాలనీ రాసినది ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు. టార్చిలైట్లకు రంగు కాగితాలు చుట్టి పని కానిద్దామని మనం అనుకుంటుండగా, విషయం మాస్టారి చెవిన పడింది. వెలుగు మీద రంగు పూయడమెందుకు, మంట చేతనే రంగు పలికిద్దామన్నారు. ఆ మాటతో నాటకం పక్కకు పోయి మంట ముందుకు వచ్చింది.

క్యాంపుకు చాలా ముందుగానే పని మొదలైంది. వడ్రంగం గదిలో మిగిలిన చెక్క పేళ్ళు, రంపపు పొట్టు పోగు చేసి, ఒక్కొక్క లవణానికి ఒక్కొక్క ప్లాస్టిక్ బకెట్ కేటాయించారు. ఇనప బకెట్ ఎందుకు పనికిరాదో ఆయన నోటితో చెప్పలేదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళలో ఒక ఇనప మేకు వేసి, కాసేపయ్యాక పైకి తీసి మన ముందు పెట్టారు. మేకు ఒళ్ళంతా ఎర్రని రాగి పూత పట్టి ఉంది. ఆ నీళ్ళు ఇనప బకెట్‌లో పోస్తే రాగి బకెట్‌కే అంటుకుపోయి, చెక్కలోకి ఇంకవలసినది ఇంకదని మనంతట మనమే తెలుసుకునేదాకా ఆయన ఓపిక పట్టారు. మైలుతుత్తం, పొటాషియం క్లోరైడ్, స్ట్రాన్షియం క్లోరైడ్ మామూలు నీళ్ళలోనే కరిగాయి; వెలిగారం (బోరాక్స్) చన్నీళ్ళలో కొద్దిగానే కరుగుతుంది కనుక దానికి మాత్రం నీళ్ళు కాచవలసి వచ్చింది. అడుగున ఇక కరగని పలుకులు మిగిలేదాకా కలిపి, పేళ్ళను రాత్రంతా నానబెట్టి, పాత పేపర్ల మీద ఆరబోశాం. ఆరుతున్న కొద్దీ పేడు అంచుల వెంట నీలం పలుకులు సన్నగా పైకి పాకి, చెక్క ఈనెల మధ్య గీతలు గీతలుగా నిలిచాయి. కాల్షియం క్లోరైడ్‌లో నానిన పేళ్ళు మాత్రం ఎంత ఎండబెట్టినా గాలిలోని తేమ పీల్చుకుని మళ్ళీ చెమ్మగిల్లేవి. వాటిని మూత బిగించిన డబ్బాలో దాచవలసి వచ్చింది. ఆ మూత సంగతి మనం ఏనుగని పిలిచే మిత్రుడే చెప్పాలి.

పొట్లాలు కట్టేటప్పుడు మాస్టారు పెట్టిన నియమాలు రెండే: ఒక పొట్లంలో రెండు లవణాలు కలవకూడదు, ఉప్పు తగిలిన చెయ్యి దేనినీ తాకకూడదు. ఉప్పులోని సోడియం రవ్వంత ఉన్నా చాలు, దాని పసుపు తక్కిన రంగులన్నింటినీ మింగేస్తుంది. వెలిగారంలోనూ సోడియం ఉంటుంది కనుక దాని పచ్చదనంలో పసుపు కలుస్తుందనీ, స్వచ్ఛమైన పచ్చ కావాలంటే బోరిక్ ఆమ్లం మేలనీ ఆనాడే చెప్పారు. ఎప్సమ్ లవణం (మెగ్నీషియం సల్ఫేట్) వేస్తే తెల్లని మంట వస్తుందని ఎవరో ఎక్కడో చదివి వచ్చి వాదించినప్పుడు, ఆయన కొట్టిపారేయకుండా బర్నర్ మీద పెట్టి చూపించారు. ఏ రంగూ రాలేదు. మెగ్నీషియం రిబ్బను మండితే కళ్ళు చెదిరే తెలుపు వస్తుంది గానీ, అది అక్కడ పుట్టే ఆక్సైడ్ రేణువులు తెల్లగా కాలి వెలగడం వల్ల వచ్చేదని, ఆ లవణానికి ఈ గుణం లేదని అప్పుడు వివరించారు. ఆ తప్పుడు మాట ఇప్పటికీ చాలా పట్టికల్లో కనిపిస్తుంది. కనిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆ రాత్రి అందరికీ తొందరే, మాస్టారికి తప్ప. చితుకులు భగభగ మండుతుండగా పొట్లం వేయనివ్వలేదు. కట్టెల మంటలో మనకు కనిపించే పసుపు చాలావరకు వేడికి వెలిగే మసి రేణువులదే. ఆ వెలుగు ముందు ఏ లవణమూ తన రంగు చూపలేదు. మొద్దులు కాలి నిప్పులుగా మారి, మంట పొట్టిగా పలచబడేదాకా ఆగవలసిందేనని ఆయన పట్టుబట్టడం వల్లనే నాటకం అంత ఆలస్యమైంది.

వనదేవత పేరు పిలవగానే మొదటి పొట్లం నిప్పుల మీద పడింది. కాగితం మామూలు పసుపు మంటతో చటుక్కున అంటుకుని ఆరిపోయింది. ఒక క్షణం ఏమీ జరగలేదు. తరువాత పేళ్ళ సందుల్లో నుంచి, మంట మొదట్లో, పచ్చని నాలుకలు లేచి పైకి ఎగబాకాయి. వాటి అంచుల్లో నీలం మెరిసింది. రాగి లవణానికి క్లోరిన్ తోడైన చోట నీలం, లేని చోట పచ్చ వస్తాయనీ, మంట మరీ వేడెక్కితే ఆ నీలాన్నిచ్చే రాగి క్లోరైడ్ విడిపోతుంది కనుకనే బాణసంచాలో మంచి నీలం రప్పించడం అన్నిటికన్నా కష్టమనీ తరువాత చదువులో తెలిసింది. స్ట్రాన్షియం ఎరుపు రాగానే రాక్షసుడు తన మాటలు మరిచి మంటకేసి చూస్తూ నిలబడిపోవడం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చివరగా పొటాషియం. దాని లేత ఊదాను కట్టెలలోని సోడియం పసుపు కప్పివేయగా, మాస్టారు జేబులో నుంచి కోబాల్టు నీలి గాజు తీసి వరుసగా అందరి చేతికీ ఇచ్చారు. పసుపును ఆ గాజు ఆపేసింది. దాని వెనక ఎర్రజీర కలిసిన ఊదా మంట ఒంటరిగా ఆడుతూ కనిపించింది.

నాటకం ముగిశాక ఎవరూ గుడారాలకు పోలేదు. వేడికి పరమాణువుల్లోనూ అణువుల్లోనూ ఎలక్ట్రాన్లు పై మెట్టుకు ఎక్కి, దిగేటప్పుడు ఆ రెండు మెట్ల మధ్య శక్తి తేడాను కాంతిగా వదులుతాయనీ, ఆ తేడా ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క తీరుగా ఉంటుందనీ, అందుకే మంట రంగును మూలకం చేవ్రాలుగా చదవవచ్చనీ ఆయన నిప్పుల పక్కన కూర్చుని చెప్పారు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక రాత్రి తమ కిటికీలో నుంచి దూరాన మాన్‌హైమ్‌లో చెలరేగిన అగ్నిప్రమాదాన్ని కాంతిని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపుతో చూసి, ఆ మంటల్లో బేరియం, స్ట్రాన్షియం ఉన్నట్టు గుర్తుపట్టారని చెప్పుకునే కథను నేను మొదటిసారి విన్నది అప్పుడే. అంత దూరపు మంటను చదవగలిగితే సూర్యుణ్ణి ఎందుకు చదవకూడదన్న ఆలోచన అక్కడి నుంచే సాగిందంటారు. వాళ్ళిద్దరే 1860లో సీసియాన్ని, 1861లో రుబీడియాన్ని వర్ణపటంలో కనిపించిన కొత్త గీతల ఆధారంగా కనుగొన్నారు. మన బున్సెన్‌కు ఆ పేరు ఆ రాత్రే స్థిరపడింది.

నా ఉద్యోగ జీవితం మంట రంగును కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ ముందు మొదలైంది. రోగి రక్తపు సీరాన్ని పలచన చేసి సన్నని తుంపరగా గ్యాసు మంటలోకి పంపితే, 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పసుపు సోడియాన్ని, 766 దగ్గరి ముదురు ఎరుపు పొటాషియాన్ని కొలిచి ఇస్తుంది. పోల్చి చూసుకోవడానికి కలిపే లిథియం 671 దగ్గర వెలుగుతుంది. సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్ ఉండాలి, పొటాషియం 3.5 నుంచి 5 వరకు. పొటాషియం ఆ హద్దు దాటితే గుండె లయ తప్పవచ్చు. ఇప్పుడు ఆ పనిని చాలాచోట్ల మంట లేకుండానే కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్లు చేస్తున్నాయి. నేను బాధ్యత వహిస్తున్న ప్రయోగశాలలోనూ అవే ఉన్నాయి. అయినా ఒక పాత ఫోటోమీటర్‌ను పనిచేసే స్థితిలో ఉంచి, కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియన్‌కూ మొదటి రోజు మంటనే చూపిస్తాను. రిటైరైన తరువాత మాస్టారు ఒకసారి అక్కడికి వచ్చి, చిన్న కిటికీలో నుంచి మంటను తదేకంగా చూసి, పొటాషియం ద్రావణం పంపమని అడిగారు. కంటికి అందీ అందనట్టున్న ఆ ఊదాకు యంత్రం అంకె చూపించగానే, దాన్ని నా చేతనే పైకి చదివించుకుని విన్నారు. నేను అందుకున్న ప్రశంసాపత్రాలన్నీ ఆ చదివించుకోవడం ముందు దిగదుడుపే.

ఈసారి కలయిక కార్యక్రమంలో రాత్రి నెగడు కూడా చేర్చారని తెలిసింది. పొట్లాలు నేను తెస్తాను. మైలుతుత్తం, బోరిక్ ఆమ్లం, పొటాషియం క్లోరైడ్, స్ట్రాన్షియం క్లోరైడ్ ఉంటాయి. బేరియం లవణాలు విషం కనుక తేను, క్లోరేట్లు, పర్‌క్లోరేట్లు పేలుడుకు దారితీస్తాయి కనుక వాటి ఊసే వద్దు. చటుక్కున అంటుకునే మిథనాల్ పోసి రంగులు చూపిద్దామని ఎవరైనా అంటే దయచేసి ఆపండి. ఆ ప్రదర్శనలో పిల్లలు ఘోరంగా కాలిన ఘటనలు జరిగిన మీదట, తెరిచిన బల్ల మీద మిథనాల్‌తో దాన్ని చేయవద్దని అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ 2014లో కోరింది. వంటకు వేరే మంట వేయించండి, రంగుల మంట మీద ఏదీ కాల్చకూడదు. గాలి వాలున ఎవరూ కూర్చోకూడదు, పిల్లలు పొట్లాలు ముట్టకూడదు. మరునాడు చల్లారిన బూడిదను చెరువులోనో కాలువలోనో కలపకుండా మూటగట్టి నాకు అప్పగించండి, ఎందుకంటే రాగి చేపలకు చేటు. నీలి గాజు మాత్రం మూడో గుడారం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, వాళ్ళే తేవాలి.