తనిఖీ చేసేవాడి జేబు

భద్రతా నియమాల మాట ఎత్తగానే ప్రభుత్వం లేకపోతే కంపెనీలు మనల్ని బతకనివ్వవని ఒకళ్లు, ప్రభుత్వం వేలు పెడితే ఏ పనీ ముందుకు సాగదని ఇంకొకళ్లు మొదలుపెడతారు. నేను రెండోవాళ్లకి కాస్త దగ్గర. పూర్తిగా మాత్రం కాదు.

1865లో మిసిసిపీ నది మీద సుల్తానా అనే ఆవిరి పడవ బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 376 మంది పట్టే పడవలో రెండు వేలమందికి పైగా ఎక్కించారు, ఎక్కువమంది యుద్ధఖైదు నుంచి బయటపడి ఇళ్లకు వెళ్తున్న సైనికులే. పాడైన బాయిలర్‌కి హడావిడిగా అతుకేసి బయల్దేరారు. అప్పటికే ఆవిరి పడవల తనిఖీకి అమెరికాలో 1852 నాటి చట్టం ఉంది, ఇన్‌స్పెక్టర్లూ ఉన్నారు! ఆ మరుసటి ఏడాదే అక్కడి హార్ట్‌ఫర్డ్ నగరంలో బాయిలర్లకు బీమా ఇచ్చే కంపెనీ ఒకటి పుట్టింది. వాళ్ల మనిషి వచ్చి బాయిలర్ చూసి బాగుందంటేనే పాలసీ. పేలితే డబ్బు కట్టాల్సింది వాళ్లే కదా, ఊరికే సంతకం పెట్టి పోరు. 1894లో కరెంటు సామాన్లను పరీక్షించే అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ మొదలైనప్పుడూ డబ్బు పెట్టింది అగ్నిప్రమాద బీమావాళ్లే.

సర్కారీ తనిఖీలో నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. తప్పు జరిగితే అక్కడ జేబుకు చిల్లు పడదు, పేరు మాత్రం పోతుంది, అదీ ఒక రకం తప్పుకే. చెడ్డ మందుకు అనుమతిస్తే పేపర్లో ఫొటోలతో సహా వస్తుంది. మంచి మందును నాలుగేళ్లు ఆపితే, ఈలోగా పోయినవాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా ఆ సంగతి తెలియదు. ఆ కుర్చీలో నేనున్నా ఆపే కూర్చుంటాను.

గర్భిణులు వేసుకుంటే పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టిన థాలిడోమైడ్ మందు సంగతేంటి అంటారు. నిజమే, మందులకు అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థలో పనిచేసిన ఫ్రాన్సెస్ కెల్సీ ఆ మందును అమెరికా మార్కెట్లోకి రానివ్వలేదు, ఆవిడకి దణ్ణం పెట్టాలి. కానీ ఆవిడ ఆపింది సురక్షితమని రుజువు చూపించమనే పాత చట్టంతోనే. ఆ భయంలో 1962లో తెచ్చిన కొత్త చట్టం మందు పనిచేస్తుందని కూడా ముందే నిరూపించమంది. దాని తర్వాత కొత్త మందుల రాక సగానికి పైగా తగ్గిందని, కారణం ఆ చట్టమేనని 1973లో ఆర్థికవేత్త శామ్ పెల్ట్‌జ్‌మన్ లెక్క తేల్చాడు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు లెండి.

ఇంతా చెప్పి, సీసం కలిపిన పెట్రోలు దగ్గర నా వాదన కూలబడుతుంది. 1920ల్లో అమ్మకం మొదలైతే, ప్రపంచంలో ఆఖరి బంకు అది అమ్మడం ఆపేసరికి 2021 వచ్చింది. కొన్నవాడి ఇంజన్ చక్కగా నడిచింది, అమ్మినవాడికి లాభం వచ్చింది, ఆ సీసం పొగ పీల్చి దెబ్బతిన్న పిల్లలు ఈ బేరంలో ఎక్కడా లేరు. వాళ్ల తరఫున క్లెయిమ్ వేసేదెవరు, ఏ కారు మీద వేస్తారు? ఇలాంటిచోట నిషేధమే దారి, నాకు మొహమాటం లేదు.

బాయిలర్లు బీమావాళ్లకి వదిలెయ్యొచ్చు, చావుబతుకుల్లో ఉన్న రోగి ఇంకా రుజువు కాని మందు వేసుకుంటానంటే అడ్డుపడకూడదు. తిండి విషయమే ఇంకా తేలడం లేదు. కడుపు నొప్పి మొదలయ్యేసరికి నాలుగుచోట్ల తినుంటాం, ఏ ముద్ద చేసిందో ఎవరు చెప్తారు?